తవుడులోని భాగ్యము

తవిటికి వచ్చిన చెయ్యే ధనమునకును వచ్చునని మన సామెత. అందు తవుడు మిక్కిలి చవుకయగు వస్తువు. ధనము మిక్కిలి విలువగల వస్తువు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి తరువాతి బిడ్డను చేటెడు తవుటికి అమ్మి మరల కొన్నట్లు నటించి, తవిటయ్య యనియో తవిటమ్మ యనియో పేరు పెట్టుకొను ఆచారము ఆంధ్రదేశమున, విశేషించి ఉత్తరాంధ్రమున, ప్రసిద్ధమే. అంత చవుకబిడ్డపై మృత్యువునకు సైతము ఆశ పుట్టదని కాబోలు వారి నమ్మిక. ఇట్లు తరతరములుగా చవుకదనమునకు గుర్తై నిలిచిన తవుడు నేడు ధనమై కూర్చున్నది. ఆ ధనము ఎక్కడ పుట్టుచున్నది, ఎట్లు పాడగుచున్నది, ఎవరి చేతికి పోవుచున్నది అను మూడు ప్రశ్నలను గుడివాడ, బందరు, దివిసీమ ప్రజలయెదుట నుంచుటయే నేటి మా యుద్దేశము.

ఈ విచారణలో ప్రధానమైన వస్తువు స్టియరిక్ ఆమ్లము. పేరు వినగనే ఇది రసాయనశాస్త్రజ్ఞుల గొడవ, మనకేల యని పత్రికను మడువవలదని పాఠకులను వేడుచున్నాము. ఉదయమున స్నానమునకు వాడు సబ్బు గట్టిగా నుండుటకు ఈ ఆమ్లపు లవణము ముఖ్యకారణము. క్షౌరపు నురుగు చెదరక నిలుచుట దీనివలన. మొగమునకు పూయు స్నో ముత్యమువలె మెరయుట దీనివలన. వైద్యుడిచ్చు మాత్ర యంత్రపు టచ్చున కంటుకొనక ఊడివచ్చుటకు మెగ్నీషియం స్టియరేటును చిటికెడు కలుపుదురు. సైకిలు టైరు మొదలు లారీ టైరువరకు, రబ్బరును గంధకముతో పక్వము చేయునప్పుడు జింకు ఆక్సైడుతోపాటు ఈ ఆమ్లమును చేర్చుదురు. ప్లాస్టికు గొట్టములు యంత్రమునుండి నున్నగా జారివచ్చుటకు కాల్షియం స్టియరేటు తోడ్పడును. ఇరుసులకు పూయు గ్రీజులలోను, పిల్లల రంగుబలపములలోను దీని పరివారమే యున్నది. బందరు రోల్డుగోల్డు నగలవంటి లోహపుబనులలో మెరుగుపెట్టుటకు వాడు ముద్దలకు తరచుగ ఇదియే బంధకము. ఇక దీపము లారినప్పుడు వెలిగించు కొవ్వొత్తి సంగతి చెప్పనే యక్కరలేదు. ఆ మాటయందే కొవ్వున్నది. వేకువ మొదలు రాత్రివరకు ఈ వస్తువును తాకని పట్టణవాసి లేడు. దాని పేరెరిగినవారు మాత్రము అరుదు.

దాని స్వభావమును కొంచెము తెలిసికొందము. నూనెయైనను నెయ్యియైనను, గ్లిసరిను అణువునకు మూడేసి కొవ్వు ఆమ్లములు అంటుకొనియున్న పదార్థమే. ఆ ఆమ్లములలో స్టియరిక్ ఆమ్లము 18 కర్బన పరమాణువుల గొలుసు. ఆ గొలుసు తిన్నగా నుండును. చీపురుపుల్లలు తిన్ననివైనచో కట్టకు బిగియును, వంకరవైనచో బిగియవు. అట్లే తిన్నని గొలుసులుగల ఈ ఆమ్లము తెల్లగా గట్టిపడి, వేడిమి 69 డిగ్రీలకు వచ్చువరకు కరగదు. బందరు రోహిణికార్తెకు సైతము చలింపదు. దాని తోబుట్టువైన ఓలియిక్ ఆమ్లమునకును కర్బనములు 18. కాని నడుమ ఒకచోట జంటబంధముండి గొలుసు వంగియుండుటచే, అది 13, 14 డిగ్రీలకే కరగి మన సీమలో ఎల్లకాలము ద్రవముగనే యుండును. లినోలియిక్ ఆమ్లమునకు అట్టి వంపులు రెండు. ఈ మువ్వుర బంధుత్వమును పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. మన తవుడు కథయంతయు దీనిపైననే ఆధారపడియున్నది. స్టియరిక్ ఆమ్లము నీటిలో కరగదు. క్షారముతో చేరినచో సబ్బగును. సున్నముతో చేరినచో నీట కరగని తెట్టె యగును. ఉప్పుబావుల నీట సబ్బు నురుగురాక తెట్టెకట్టుటను చూచిన దివిసీమవాసులకు ఈ రసాయనము క్రొత్తది కాదు.

కొవ్వు ఒకే వస్తువని లోకము తలచుచున్న దినములలో, దానిని విడదీసి అందలి ఆమ్లములను వేరుచేసి చూపినవాడు ఫ్రాన్సుదేశీయుడగు మిషెల్ యూజీన్ షెవ్రోల్. ఆయన గ్రంథము 1823లో వెలువడెను. కొవ్వు అను అర్థముగల గ్రీకుమాటనుండియే స్టియరిక్ అను పేరు పుట్టినది. 1825లో ఆయనయు గేలుస్సాక్ పండితుడును ఈ ఆమ్లముతో కొవ్వొత్తులు చేయు పద్ధతికి హక్కుపత్రము పొందిరి. అంతకు పూర్వము పచ్చికొవ్వుతో చేసిన వత్తులు పొగచూరి, కంపుకొట్టి, చేతికి మెత్తగా తగులుచుండెను. అందలి గ్లిసరిను తొలగినంతనే వత్తి గట్టియై, వెలుగు నిర్మలమైనది. ఒక వస్తువును దాని యంశములుగా విడదీయుటవలన పేదవాని గుడిసెకు మంచి వెలుగు వచ్చినది. శాస్త్రమనగా నిదియే కదా!

ఆ షెవ్రోలే పారిసునందలి గోబెలిన్ కార్ఖానాలో అద్దకపుశాఖకు అధికారిగా నుండెను. అద్దకమునకును కొవ్వునకును ఏమి సంబంధమని అడుగువారు బందరు కలంకారివారిని అడుగవచ్చును. వారు గుడ్డను కరక్కాయయు గేదెపాలును కలిపిన నీట ముంచి ఆరవేయుదురు. పాలలోని వెన్న, రంగు గీటుదాటి ప్రాకకుండ అడ్డుపడును. చీరాల తేలియా రుమాళ్లవారు నూలును నూనెయందును, ఆముదపుకాయల బూడిద తేటయందును పలుమారు నానవేసిరి. బూడిదలోని క్షారము నూనెను విడదీయగా వచ్చిన కొవ్వు ఆమ్లము పటికతో కలసి ఎఱ్ఱరంగును నూలునకు గట్టిగా పట్టించెను. రుమాలు పేరులోనే తైలము నిలిచిపోయినది. మన పనివారికి ఈ శాస్త్రము పుస్తకమున లేకున్నను చేతియందుండెను. చేతియందున్న విద్యకు పుస్తకమును, పుస్తకమందున్న విద్యకు చేతిని కూర్చుటయే నేటి కర్తవ్యము.

ఈ ఆమ్లము ఎచ్చట దొరకును? గొడ్లకొవ్వులో నూటికి సుమారు 20 పాళ్లు, కోకో వెన్నలో 33 మొదలు 35 పాళ్లు, ఆఫ్రికాదేశపు షియా వెన్నలో సుమారు 40 పాళ్లు, కొంకణసీమలోని కోకం గింజల వెన్నలో సగమునకు మించియు కలదు. మన యావునేతిలో పది పండ్రెండు పాళ్లుండును. నూజివీటి మామిడిపండ్ల రసము త్రాగి మనము పారవేయు టెంకలోని జీడికొవ్వులో మూడవవంతునకు మించి ఈ ఆమ్లమే. చాకొలెట్టులో కోకో వెన్నకు బదులుగ నూటికి 5 పాళ్లకు మించకుండ చేర్చదగిన ఆరు కొవ్వులను 2000 సంవత్సరపు యూరపు శాసన మెన్నినప్పుడు అందు మామిడిజీడి కొవ్వు నొకటిగ చేర్చినది. ఐనను ప్రపంచమందలి కార్ఖానాలకు నేడు ముఖ్యాధారములు రెండే: గొడ్లకొవ్వు, పామాయిలు.

ఈ రెండిటియందును మనకు చిక్కులున్నవి. వస్తువు ఏ మూలమునుండి వచ్చినదో వాడువానికి తెలియకపోవుట ఎంత విపత్తునకు దారితీయునో మన చరిత్ర యెరుగును. 1857లో తూటాలకు పూసిన కొవ్వు ఏ జంతువుదను అనుమానము దండులను కదలించెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1983లో వనస్పతిలో దిగుమతియైన గొడ్లకొవ్వు కలసినదను వార్త దేశమునంతను కలతపెట్టగా ప్రభుత్వము ఆ దిగుమతిని నిషేధించెను. రసాయనశాస్త్రమునకు గొడ్డునుండి వచ్చిన స్టియరిక్ ఆమ్లమైనను, గింజనుండి వచ్చినదైనను ఒక్కటే; విడిగా చూచి గుర్తుపట్టుట యెవరితరము? కాని మనుష్యుని మనస్సున కవి యొక్కటి కావు. ఏ మతస్థునికైనను, ఏ ఆచారము లేనివానికైనను, తాను కొన్న వస్తువు దేనితో చేయబడినదో తెలిసికొను హక్కు కలదు. పామాయిలు విషయమున చిక్కు వేరు. భారతదేశము తినుచున్న నూనెలో సగమునకు మించి విదేశములనుండి దిగుచున్నది. 2023-24 తైలసంవత్సరమున దిగినది సుమారు 160 లక్షల టన్నులు. అందు పెద్దభాగము మలేషియా, ఇండొనేషియాల పామాయిలు. ఆ దేశములు పన్ను మార్చినను, ఎగుమతి ఆపినను మన వంటింటి మూకుడు వణకవలసినదే. 2022 ఏప్రిలులో ఇండొనేషియా పామాయిలు ఎగుమతిని కొన్ని వారములు నిలిపినప్పుడు ఆ వణకును మనమందరము ఎరుగుదుము.

ఇట్టి దినములలో మన యింటివెనుక నున్నదానిని చూడవలదా? బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. ఆ నీటిచలువవలన సార్వాపంటయు, నీరు చాలిన యేడుల దాళ్వాపంటయు పండి, గుడివాడ చుట్టుపట్ల బియ్యపుమరలు వెలసినవి. నూరు కిలోల ధాన్యము మరపట్టినచో బియ్యము సుమారు 67 కిలోలు. ఊక 20 కిలోల ప్రాంతము. తవుడు 8 కిలోల ప్రాంతము. ఊక కలియని మంచితవుటిలో నూటికి 15 మొదలు 20 పాళ్లు తైలమే. దినమునకు 100 టన్నుల ధాన్య మాడు మరలో 8 టన్నుల తవుడు రాలునని పెట్టుకొన్నను, అందు 1200 కిలోలకు తక్కువకాని నూనె దాగియున్నది. ఒక్క గింజయైనను అదనముగ నాటనక్కరలేదు; ఒక్క చుక్క కాలువనీరైనను అదనముగ కట్టనక్కరలేదు. పండిన పంటలోనే మరియొక పంట యున్నది. దేశమంతటను తవుటినుండి తీయుచున్న నూనె ఏటికి సుమారు 10 లక్షల టన్నులు. తవుటినూనె వేయింపులకు గట్టిగా నిలుచును. ఒరిజనాల్ అను మేలుచేయు పదార్థము దానియందు విశేషముగ కలదు.

మరి అడ్డేమి? అడ్డు కాలము. వడ్లగింజలో నూనె యొక పొరయందును, నూనెను విరుచు లైపేజు అను జీవరసము వేరొక పొరయందును నుండును. గింజ పగులనంతవరకు ఈ రెండును ఇరుగుపొరుగున శాంతముగ కాపురముండును. మరపట్టగనే గోడ కూలును. రెండును తవుటిలో కలియును. ఆ గడియనుండి నూనె విరిగి ఆమ్లమై పులియసాగును. మొదటిదినముననే నూటికి ఐదారు పాళ్లు పులియుట సామాన్యము. నెలదినములు గోనెసంచిలో మగ్గినచో 70 పాళ్లవరకును పులియవచ్చును. వెంటనే తీసినచో గృహస్థుని మూకుటిలోనికి పోదగిన నూనె, వారము గడచునప్పటికి శుద్ధిచేయుటకు గిట్టుబాటు కాక సబ్బుకార్ఖానాకు మాత్రమే తగును. ఉప్పుడుబియ్యపు మరలలో వడ్లను ముందే ఆవిరిలో ఉడికించుటచే లైపేజు చచ్చి, ఆ తవుడు నిలువయుండును. మనవారు తినునది పచ్చిబియ్యము. అందుచే మన తవుడే వేగముగ పులియును. పైగా సార్వాకోతలు తుపానుల ఋతువుననే వచ్చును. 1977 నవంబరు 19వ తేది ఉప్పెనను మరువని దివిసీమకు ఆ ఋతువు సంగతి చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో బాపట్లయొద్ద తీరముదాటిన తుపాను సైతము కోతకు వచ్చిన డెల్టాచేలను తడిపి పోయినది. తేమ పట్టిన తవుడు మరింత త్వరగా పులియును.

పులిసిన నూనె వృథాయని మేము చెప్పుటలేదు. ఇచ్చటనే రసాయనశాస్త్రము మనకు రెండవ ద్వారము తెరచుచున్నది. తవుటినూనెలో స్టియరిక్ ఆమ్లము నూటికి రెండు పాళ్లే. కాని ఓలియిక్ ఆమ్లము సుమారు 40 పాళ్లు, లినోలియిక్ ఆమ్లము ముప్పది పాళ్లకు పైగా కలవు. ఈ మువ్వురకును కర్బనములు 18 అని పైన చెప్పియుంటిమి. నికెలు లోహపుపొడి సమక్షమున ఉదజని వాయువును ఎక్కించినచో, వంపుల కవి కారణమైన జంటబంధములు తీరి, గొలుసులు తిన్ననై, ఆ డెబ్బదిపాళ్లును స్టియరిక్ ఆమ్లముగనే మారును. రెండు పాళ్లుగ నున్నది నాలుగింట మూడు వంతులగుచున్నది! మిగిలినది చాలవరకు పామిటిక్ ఆమ్లము. బజారున స్టియరిక్ పేరుతో అమ్ముదానిలో అదియు కలసియే యుండును. ఈ విద్యకు ఫ్రాన్సుదేశపు సబాత్యే పండితుడు పునాదివేయగా, జర్మనుడగు విల్‌హెల్మ్ నార్మన్ 1902లో కొవ్వులకు దానిని అన్వయించి హక్కుపత్రము పొందెను. అర్ధాంతరముగ ఆపిన ఉదజనీకరణమువలన వంటకొవ్వులలో పుట్టు ట్రాన్సు కొవ్వులు గుండెకు చేటు. వానిని నూటికి 2 పాళ్లకు మించనీయరాదని 2022 జనవరి మొదలు మనదేశమున నియమము కలదు. మేము చెప్పుచున్నది పూర్తిగ ఉదజని ఎక్కించి కార్ఖానాకు పంపు ఆమ్లమును గూర్చి. వంటింటిని గూర్చి కాదు.

కనుక తవుటికి రెండు మార్గములున్నవి. తాజాగానున్నది భోజనమునకు, పులిసినది పరిశ్రమకు. రెండును మంచివే, కాని మొదటిదాని విలువ హెచ్చు. నోటికి పోవలసినదానిని సబ్బుకు పంపి, నోటికి పామాయిలును ఓడలపై తెప్పించుకొనుట వివేకమా? దీనివలన నష్టపడువారెవరు? తవుడు పులిసినదను మాటతో ధర తెగకోయు మధ్యవర్తి నష్టపడడు. చిన్నమరవాడు నష్టపడును. ప్రభుత్వమునకు బియ్యమాడి యిచ్చు కస్టమ్ మిల్లింగు పద్ధతియందు తవుడు మరవానికే చెందును గనుక, తవుటి విలువ తగ్గిన కొలది ఆ లోటును అతడు ధాన్యపుతూకముననో తేమకోతయందో పూడ్చుకొన చూచును. అప్పుడు భారము రైతుపై పడును. కళ్లమున నిలిచి తరుగు లెక్కకు తలవంచు రైతునకును, గుడివాడలో సంచిలో పులియుచున్న తవుటికిని సంబంధమున్నదని మా దృఢాభిప్రాయము.

ఇందుకు ప్రతివాదము కలదు. తవుడు పశువులది, చేపలది. మనుష్యులేల లాగుకొనవలెను అని కొందరందురు. వారి యాతురత న్యాయమైనదే. కాని భయము నిరాధారము. నూనె తీసినను తవుటిలో నూటికి ఎనుబదిపాళ్లకు పైగా మిగిలియే యుండును. అందలి మాంసకృత్తులు నూటికి 15 పాళ్ల ప్రాంతమున నుండి పదిలముగ నుండును. నూనె లేనందున అది ముక్కిపోక నిలువయు నుండును. కొల్లేటిచుట్టును, కైకలూరు, గుడివాడ ప్రాంతములందును చెరువులలో రంధ్రములు పొడిచిన సంచులను కఱ్ఱలకు వ్రేలాడదీసి బొచ్చె, రోహు చేపలకు పెట్టు మేత ప్రధానముగ ఈ నూనెతీసిన తవుడే. దాని యవసరము ఎంతటిదనగా, పాడికిని మేతకును కొరతయగునను భయముతో 2023 జూలైలో కేంద్రప్రభుత్వము దాని ఎగుమతినే నిషేధించెను. కావున నూనె తీయుట మేతకు శత్రువు కాదు, మిత్రమే.

రెండవ ప్రతివాదము దీనికంటె గట్టిది. నూనెతీయు కార్ఖానాలో వాడు హెక్సేను ద్రవము పెట్రోలువంటిది. దాని యావిరి గాలికంటె బరువై నేలను ప్రాకును, నిప్పురవ్వ తగిలిన చాలు. నూనెను క్షారముతో శుద్ధిచేయగా వచ్చు సబ్బుముద్దను గంధకికామ్లముతో విరుచునప్పుడు పుట్టు మురికినీరు కాలువలో కలసినచో, ఆ కాలువనీటినే త్రాగు దిగువ గ్రామముల గతి యేమి? బందరు కాలువ చివరిభూములవారి దాహమును మరచిన పరిశ్రమ మాకు వలదు. కార్ఖానా ఊరికి దూరముగ నుండవలెను. కాలువకు ఎగువన నుండరాదు. మురికినీరు శుద్ధియైనదని ఎల్లర కెరుకపడునట్లు లెక్కలు బహిరంగముగ ప్రకటింపవలెను. ఈ నియమములకు లోబడనివాడు ఎంత స్వదేశీయుడైనను అతని పరిశ్రమ స్వదేశపరిశ్రమ యనిపించుకొనదు.

ఇక చేయవలసిన దేమి? మొదటిది కొలత. కృష్ణామండలమున పాలకేంద్రములో పాలుపోసిన స్త్రీకి వెన్నశాతమునుబట్టి ధర కట్టుదురు. ఆ కొలత రాకముందు మంచిపాలకును నీళ్లపాలకును ఒకటే ధర. వచ్చిన పిమ్మట మంచిపాలు పోయువారికి ప్రతిఫలము దక్కినది. తవుటికి అట్టి కొలత యేల యుండరాదు? పాలకు వెన్నకొలతవలె తవుటికి పులుపుకొలత కావలెను. ఇది కష్టమైన పరీక్ష కాదు. కొంచెము నూనెను సారాయిలో కరగించి, ఫినాల్‌ఫ్తలీను చుక్కలువేసి, తెలిసిన బలముగల క్షారమును గులాబిరంగు నిలుచువరకు చుక్కచుక్కగా పోయుటయే. కళాశాల ప్రయోగశాలలో ఏ విద్యార్థియైనను చేయగలడు. కొలత లేని ఒప్పందమే వ్యాజ్యమునకు తల్లియని న్యాయవాదులెల్ల రెరుగుదురు. పులుపింత, తైలమింత, ధర యింత అని నల్లబల్లపై వ్రాసి మార్కెటులో నిలిపిననాడు మధ్యవర్తి మాటకు బలము తగ్గును.

రెండవది వేగము. ప్రతిచిన్నమరయు నూనెకార్ఖానా పెట్టలేదు, పెట్టనక్కరయు లేదు. తవుడు రాలినవెంటనే తడియావిరితో వేడిచేసి లైపేజును చంపు చిన్నయంత్రము పదిమరలకు ఒకటియున్నను చాలును. అది లేనంతకాలము, పాలబండి ఊరూర తిరిగి ఏపూట పాలు ఆపూట చేర్చునట్లు, ఏనాటి తవుడు ఆనాడే చేర్చు బండి యైనను కావలెను. ఊకయు చిట్టును కలిపి తవుటి తూకము పెంచు హల్లరు మరలు మారవలెను. ఊక కలసిన తవుటిలో నూనె తగ్గుటయేగాక, పశువునకును అది మేలు చేయదు.

మూడవది కూటమి. మదుపు లేదని చెప్పువారికి బందరు చరిత్రయే సమాధానము. 1910లో ఈ పట్టణమున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువునకు చేతిపనిని జోడింపదలచినది. 1923లో ఈ పట్టణముననే పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. 2020 ఏప్రిలులో మరియొక బ్యాంకున విలీనమగువరకు అది ఆ పేరుతోనే నడచినది. చిన్నమదుపులను కూర్చి పెద్దపని చేయుట ఈ సీమకు తెలియని విద్య కాదు. రైతులు, మరలవారు, పాడివారు, చేపలవారు ఈ నలువురును భాగస్వాములుగ నొక సహకారసంఘ మేర్పడినచో, నూనె యొకరికి, మేత మరియొకరికి, లాభము అందరికిని చేరును.

శాస్త్రసహాయమునకును దూరము పోనక్కరలేదు. హైదరాబాదునందలి భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు తవుటినూనెలోని జిగురును జీవరసములతో తొలగించు పద్ధతిని కనుగొని కార్ఖానాలలో నెలకొల్పిరి. ఆ త్రోవను శుద్ధిచేసినచో సబ్బుముద్దయు మురికినీరును తగ్గును. అనంతపురమున నూనెల సాంకేతిక విద్యకే ప్రత్యేకమైన సంస్థ యున్నది. ఇంతటి విద్య తెలుగునేల నుండగా, దానిని గుడివాడ మరలకు తెచ్చువారు కరవగుట మనకు శోభ కాదు.

కొనువారికిని ఒక ధర్మము కలదు. స్నానపుసబ్బు పొట్లముపై కొవ్వుపదార్థమింత శాతమని చిన్నయక్షరములతో వ్రాయబడియుండును; భారతీయ ప్రమాణమునుబట్టి మొదటితరగతి సబ్బున అది 76 పాళ్లకు తక్కువ కారాదు. దానిని చదివి కొనుడు. చదివిన పిమ్మట, ఆ కొవ్వు ఏ మూలమునుండి వచ్చినదని అడుగుడు. నూరుగురు అడిగిననాడు దుకాణదారు అడుగును. నూరు దుకాణములవారు అడిగిననాడు కార్ఖానావాడు చెప్పక తప్పదు. తవుటినుండి వచ్చిన ఆమ్లమున కట్టి ప్రశ్నవలన భయమేమియు లేదు. తన పుట్టుక చెప్పుకొనుటకు అది సిగ్గుపడ నక్కరలేదు.

బందరు ఓడరేవు పనులు 2023 మేనెలలో ప్రారంభమైనవి. ఒకప్పుడు ఈ రేవునుండి మన కలంకారి గుడ్డలు సముద్రములు దాటినవి. రాబోవు రేవులో మొదట దిగునది పరదేశపు పామాయిలా, లేక మొదట ఎక్కునది మన తవుటి సరకా అను ప్రశ్న ఇంజనీర్లు తీర్పవలసినది కాదు. మన మరలు, మన సంఘములు, మన విద్యార్థులు తీర్పవలసినది. పఠనమందిరములందు ఈ పత్రికను చదువు యువకులు ఈ సార్వాపంట ధాన్యము మరలకు చేరులోగా తమ ఊరి మరకు పోయి, తవుడు ఎన్నిదినములు సంచిలో నుండుచున్నదో, ఏ ధరకు పోవుచున్నదో విచారించి నలువురకు తెలుపుదురుగాక. తవిటికి వచ్చిన చేతిని దొంగచేయి యని మన పెద్దలు నిందించిరి. తన తవుటిని తాను కాచుకొను చేయి మాత్రము గృహస్థుని చేయి. ధనము వచ్చుట కర్హమైన చేయి అదియే.